బొంతపై చింతచెట్టు

(గుడ్డముక్కలతో చెట్టుబొమ్మను కత్తిరించి యతుకు విధానము)

పొందికలేని దేదియైనను దానిని "అతుకుల బొంత" యని యెగతాళి చేయుట మన వాడుక. వ్యాసము కుదురుగా లేకున్న అతుకుల బొంత యందుము. నాటకము రక్తికట్టకున్న అతుకుల బొంత యందుము. కాని యీ మాట పలుకువారిలో నొక యతుకుల బొంతను నిజముగా కుట్టి చూచినవారు మిక్కిలి తక్కువ. కుట్టినవారు మరల నా మాట ననరు. ఏలయన, పొందిక లేనిచో బొంత నిలువనే నిలువదు. ఒక ముక్క యంగుళములో పదునాఱవ వంతు తప్పినను, ఆ తప్పు ప్రక్క ముక్కకు, దాని ప్రక్క ముక్కకు ప్రాకి, వరుస చివర కెల్లరకు కనబడును.

ఈ సంవత్సరము మా కుట్టుపని తరగతివారము ఇరువది చెట్లుగల బొంత నొకదానిని కుట్టితిమి. అందు తొలుత కుట్టిన చెట్టు మమ్ము మొదట సిగ్గుపడజేసి, పిమ్మట లెక్కలు నేర్పి, తుదకు సంతోషపెట్టినది. ఆ చెట్టు కథయు, దానితోపాటు చెట్టును కత్తిరించి యతుకు పద్ధతియు చదువరుల కిచ్చట తెలుపుచున్నాము. ఇంటిలో నొక కత్తెరయు, సూదియు, పాత చీరెయు నున్నవారెల్ల రీ పని చేయవచ్చును.

మన యిండ్లలోని బొంత

బొంత మనకు క్రొత్తది కాదు. చీరె చినిగిన పిదప దానిని పారవేయు ఆచారము మన పెద్దలకు లేదు. మెత్తబడిన పాత చీరెలను నాలుగైదు పొరలుగా పఱచి, చుట్టును మడిచి, ఈ చివరనుండి యా చివరకు దారపు కుట్లు వరుసలుగా వేసినచో బొంత యగును. చినిగిన చోట వేఱొక రంగు గుడ్డను మాసికగా వేయుదురు. సంస్కృతమున దీనినే కంథ యందురు. బంగాళమువారి కాంథాయు నా మాటనుండి వచ్చినదే. కుప్పమునకు పడమట, ఎల్లదాటిన కన్నడసీమలో దీనికి కౌది యని పేరు. పేర్లు వేఱైనను పని యొకటే.

వాల్మీకిపురము, మదనపల్లె ప్రాంతములు సముద్రమట్టమునకు రెండువేల యడుగులకు పైని యున్నవి. డిసెంబరు, జనవరి నెలలలో తెల్లవారుజామున చలి యెట్లుండునో యిచ్చటివారికి చెప్పనక్కఱలేదు. పసిబిడ్డను పొత్తిళ్ల నుంచుటకును, ముసలివారు కప్పుకొనుటకును బొంతకు మించినది లేదు. ఉదికినకొలది మెత్తబడును, చినిగినకొలది మాసికపై మాసికతో బలపడును. "చింత చచ్చినా పులుపు చావదు" అన్నట్లు, చీరె చిరిగినను దానిలోని నూలు పనికి రాకపోదు.

అయితే మన బొంతలలో సాధారణముగా బొమ్మ యుండదు. ఏ ముక్క దొరికిన నా ముక్కను వేయుదురు. అమెరికా దేశపు స్త్రీలు ముక్కలను కొలిచి కత్తిరించి, నక్షత్రము, ఇల్లు, చెట్టు మొదలగు రూపములు వచ్చునట్లు చదరములుగా అతికి, ఆ చదరములను కలిపి దుప్పట్లు కుట్టుదురు. వారి చదరములకు పేర్లును కలవు. చెట్టు చదరములలో పైన్ ట్రీ, ట్రీ ఆఫ్ లైఫ్, టెంపరెన్స్ ట్రీ యనునవి ప్రసిద్ధములు.

చెట్టు సముద్రము దాటిన కథ

ఈ చెట్టుబొమ్మ పూర్తిగా పరదేశపుది యని మా తరగతిలో మొదట ననుకొంటిమి. విచారింపగా దాని వేళ్లు కొంతవరకు మన తీరముననే యున్నట్లు తెలిసినది.

పదునేడు, పదునెనిమిదవ శతాబ్దములలో మచిలీపట్టణము మొదలగు కోరమండల తీరపు రేవులనుండి కలముతో చిత్రించిన నూలుగుడ్డ లోడలలో ఐరోపాకు పోవుచుండెడివి. మనము చీటిగుడ్డ యని పిలుచునట్టివే యవి. వానిలో మంచముపై పఱచు పెద్ద దుప్పట్లు మిక్కిలి గిరాకి కలవి. దుప్పటి నడుమ నొక చిన్న దిబ్బ. దిబ్బపై వంపులు తిరిగిన మ్రాను. కొమ్మకొమ్మకు వేఱువేఱు పువ్వులు. ఇదియే వాని సాధారణ చిత్రము. ఎఱుపు రంగు చిరివేరునుండియు, నీలము నీలిమందునుండియు తీసెడివారు. ఎఱుపు నిలుచుటకు పటిక వేసెడివారు. ఆకుపచ్చకు మాత్రము నీలముపైన పసుపుపచ్చ రంగును పూసెడివారు. కాలక్రమమున పసుపుపచ్చ వెలసిపోయి క్రింది నీలము మాత్రము మిగిలినది. అందుచేత లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్టు మ్యూజియము మొదలగు చోట్ల నున్న పాత దుప్పట్లలోని యాకులు పెక్కు నేడు నీలముగా కనబడును.

ఈ గుడ్డలు ఇంగ్లండులో నెంతగా నచ్చినవనగా, అచ్చటి నేతగాండ్రు తమ జీవనము పోవుచున్నదని మొఱపెట్టగా, 1721లో అద్దకపు నూలుగుడ్డల వాడుకను నిషేధించుచు చట్టము చేసిరి. ఆ నిషేధము 1774లో గాని తొలగలేదు. దొరుకుట కష్టమైన వస్తువును ముక్కయైనను పారవేయరు గదా! ఉత్తర ఇంగ్లండులోని లీవెన్స్ హాల్ అను భవనమున 1708 ప్రాంతమున కుట్టినదని చెప్పు నొక యతుకుల దుప్పటి యున్నది. అది హిందూదేశపు చీటిగుడ్డముక్కలతో కుట్టబడినది. ఆ పిమ్మట ఇంగ్లండులోను అమెరికాలోను స్త్రీలు చీటిగుడ్డలలోని చెట్లను పువ్వులను అంచువెంబడి కత్తిరించి, తెల్లగుడ్డపై నమర్చి కుట్టి దుప్పట్లు చేసిరి. మన శ్రీకాళహస్తి కలంకారీ పనివాండ్రు నేటికిని చెట్టును చిత్రించుచునే యున్నారు. కాబట్టి చెట్టుబొంత కుట్టు తెలుగు బాలిక పరుల సొత్తును తెచ్చుకొనుచున్నదని యెవ్వరు ననజాలరు.

ఏ చెట్టు?

అమెరికావారి పైన్ చెట్టు దేవాలయ గోపురమువలె క్రింద వెడల్పుగను పైన మొనగను నుండును. అట్టి చెట్టు మన యూళ్లలో లేదు. హార్స్‌లీ కొండపైని నీలగిరిచెట్లు నిటారైనవే గాని, మా తరగతిలోని వారందఱు నిత్యము చూచునవి కావు. మన బాటల ప్రక్కను, పొలముగట్లను, రచ్చల దగ్గఱను కనబడునది చింతచెట్టు. దాని మ్రాను పొట్టిది, దిట్టమైనది. దాని తల గొడుగువలె గుండ్రముగా విచ్చుకొని యుండును. కాబట్టి చింతచెట్టునే కుట్ట నిశ్చయించితిమి.

గుండ్రని తలను చదరపు ముక్కలతో చేయుట యెట్లు? మూలలను ఐమూలగా కోసిన చాలును. దూరమునుండి చూచిన కన్ను దానిని గుండ్రముగనే గ్రహించును. మా చదరము ప్రక్కకు 12 అంగుళములు. దాని పైభాగమున నొక్కొక్కటి 2 అంగుళముల చదరముగల గళ్లు, వరుసకు 6 చొప్పున 4 వరుసలు. పచ్చగుడ్డ గడిని "ప" యనియు, ఆకాశపురంగు గుడ్డ గడిని "ఆ" యనియు, సగము పచ్చ సగము ఆకాశముగల గడిని "స" యనియు పిలిచినచో చెట్టుతల యిట్లుండును:

మొదటి వరుస: ఆ, స, ప, ప, స, ఆ
రెండవ వరుస: స, ప, ప, ప, ప, స
మూడవ వరుస: ప, ప, ప, ప, ప, ప
నాలుగవ వరుస: స, ప, ప, ప, ప, స

దీని క్రింద 4 అంగుళముల యెత్తుగల పట్టీ యొకటి. దాని నడుమ 2 అంగుళముల వెడల్పుగల గోధుమరంగు మ్రాను; ఇరుప్రక్కల 5 అంగుళముల చొప్పున ఆకాశము. 5, 2, 5 కలిసి 12. తల 8 అంగుళముల యెత్తు, మ్రాను 4; కలిసి 12. పలకమీద నిది చక్కగా కుదిరినది. బొమ్మ గీసి, రంగులు వేసి, గోడకు తగిలించితిమి.

మా మొదటి చెట్టు

ప్రతి బాలికయు తన యింటినుండి పచ్చగుడ్డ తేవలెనని చెప్పితిమి. ఒకరు రవికెగుడ్డ తెచ్చిరి. ఒకరు తమ్ముని చొక్కా తెచ్చిరి. ఒక బాలిక 10 అంగుళముల వెడల్పు, 14 అంగుళముల పొడవుగల ముదురాకుపచ్చ నూలుచీరె ముక్కను కాగితములో చుట్టి తెచ్చినది. అది గతించిన ఆమె తల్లి చీరె. అందులో చిరుగని భాగ మంతయే మిగిలినదట. ఆ గుడ్డ మెత్తగను, రంగు నిలుకడగను నుండుటచేత మొదటి చెట్టు దానితోనే కుట్టుదమని మేమే యంటిమి. ఆమె యంగీకరించినది.

అట్టముక్కను 2 అంగుళముల చదరముగా కోసి దానిని కొలతగా నుంచుకొంటిమి. ఆ యట్టను కోసినది మేమే. అందుచేత తప్పును మాదే. పచ్చగళ్లు పదునాఱును 2 అంగుళములకే కత్తిరించితిమి. సగపు గళ్లను నా కొలతకే దిద్దితిమి. మ్రానును 2 అంగుళముల వెడల్పు, 4 అంగుళముల పొడవునకును, దాని ప్రక్క ముక్కలను 5 అంగుళముల వెడల్పు, 4 అంగుళముల పొడవునకును కత్తిరించితిమి. బొమ్మలో నేయే కొలతలున్నవో గుడ్డలోను నవే కొలతలు. ఎవ్వరికిని సందేహము రాలేదు.

రెండు దినములు కుట్టిన పిమ్మట చెట్టుతలను మ్రానుపట్టీపై నుంచి చూచితిమి. పట్టీ యిరుప్రక్కలను ముప్పావంగుళము చొప్పున బయటికి వచ్చినది. కొలిచి చూడగా తల వెడల్పు 9½ అంగుళములు. పట్టీ వెడల్పు 11 అంగుళములు. పలకమీద రెండును 12 అంగుళములే! గుడ్డ యెచ్చటికి పోయినది? ఒకవేళ చెట్టు నాఱవేసినందున ముడుచుకొన్నదేమో యని యొక చిన్నది యనగా నెల్లరు నవ్విరి. చీరె తెచ్చిన బాలిక మాత్రము నవ్వలేదు. కత్తిరింపగా మిగిలిన తునకలను లెక్కించుచు కూర్చున్నది. వానితో మఱియొక చెట్టు కాదని యామె మాకంటె ముందే గ్రహించినది.

గుడ్డ యెచ్చటికి పోయినది?

గుడ్డ యెచ్చటికిని పోలేదు, కుట్టులోపల నున్నది. రెండు ముక్కల నతుకునపుడు అంచునుండి కాలంగుళము లోపలికి కుట్టు వేయుదుము. అనగా నొక ముక్కనుండి కాలంగుళము, రెండవ ముక్కనుండి కాలంగుళము, వెరసి యర యంగుళము, ప్రతి కుట్టునకు వెనుకవైపునకు పోవును.

ఇపుడు లెక్క చూడుడు. తలలో వరుసకు 6 గళ్లు. వాని నడుమ 5 కుట్లు. అయిదు అరలు రెండున్నర. 12లో 2½ పోగా 9½. మ్రానుపట్టీలో 3 ముక్కలు, 2 కుట్లు. రెండు అరలు ఒకటి. 12లో 1 పోగా 11. మా కొలబద్ద చూపిన యంకెలు సరిగా నివే. ముక్కలెన్ని యెక్కువైన కుట్లంత యెక్కువ. కుట్లెన్ని యెక్కువైన లోపలికి పోవు గుడ్డ యంత యెక్కువ. ఒకే పొడవుగల రెండు వరుసలు వేఱువేఱుగా కుదించుకొనుటకు కారణ మిదియే. తీసివేత లెక్కను తరగతిలో నెన్నిమారులు చేసినను, దాని బాధ యిట్లుండునని యానాడు గాని మాకు తెలియలేదు.

కాబట్టి బొమ్మలోని కొలత వేఱు, కత్తిరింపు కొలత వేఱు. ప్రతి ముక్కకును నాలుగు వైపుల కాలంగుళము విడువవలెను. అనగా బొమ్మకొలతకు పొడవున అర, వెడల్పున అర యంగుళము కలుపవలెను. అట్టను 2 అంగుళములకు గాక 2½ అంగుళములకు కోయవలెను. ఈ విధముగా తక్కిన పందొమ్మిది చెట్లను కత్తిరించితిమి. ఆ పద్ధతి క్రింద వ్రాయుచున్నాము.

కత్తిరించుట

గుడ్డను ముందుగా ఉదికి, ఆఱవేసి, ఇస్త్రీ చేయవలెను. క్రొత్తగుడ్డ కుదించుకొనును, కొన్ని రంగులు కాఱును. తెల్లని తడిగుడ్డతో రుద్ది చూచినచో రంగు కాఱునో లేదో తెలియును. పాతచీరెను వెలుతురున కెత్తి చూచి, నూలు పలుచనైన భాగమును విడిచివేయవలెను.

తరువాత పడుగు, పేక యే దిక్కున నున్నవో చూడవలెను. పడుగువెంట లాగిన గుడ్డ సాగదు. ఐమూలగా లాగిన సాగును. చదరముల యంచులు పడుగు పేకల వెంబడి వచ్చునట్లు కత్తిరించినచో అతికిన పిమ్మట బొమ్మ వంకరపోదు.

ఒక చెట్టునకు కావలసిన ముక్కలు:

పచ్చగుడ్డ: 2½ అంగుళముల చదరములు 16, 3 అంగుళముల చదరములు 3.
ఆకాశపురంగు గుడ్డ: 2½ అంగుళముల చదరములు 2, 3 అంగుళముల చదరములు 3, 5½ అంగుళముల వెడల్పు, 4½ అంగుళముల యెత్తుగల ముక్కలు 2.
గోధుమరంగు గుడ్డ: 2½ అంగుళముల వెడల్పు, 4½ అంగుళముల యెత్తుగల ముక్క 1.

గుడ్డ తక్కువగా నున్నపుడు ముక్కలను ముందు కాగితముపై నమర్చి చూడవలెను. 10 అంగుళముల వెడల్పుగల గుడ్డలో వరుసకు 4 చొప్పున 4 వరుసలు వేసిన 2½ అంగుళముల చదరములు పదునాఱును వచ్చును. దాని క్రింద 3 అంగుళముల పట్టీలో పెద్ద చదరములు మూడును వచ్చును. మొత్తము 10 అంగుళముల వెడల్పు, 13 అంగుళముల పొడవు చాలును. ఆ బాలిక తెచ్చిన గుడ్డ యింతకంటె నొక యంగుళము పొడవే. మేము మొదటనే సరిగా లెక్కించియుండినచో నది సరిపోయెడిదని తెలిసినపుడు మాకు కలిగిన బాధ చెప్పనలవి కాదు.

సగపు గళ్లు

ముక్కోణములను విడిగా కత్తిరించి యతికినచో వాని ఐమూల యంచు చేతిలోనే సాగిపోవును. దీనికొక సులువు కలదు: ముందు కుట్టి, తరువాత కత్తిరించుట. 3 అంగుళముల పచ్చ చదరమును, ఆకాశపు చదరమును మంచివైపులు లోపలికుండునట్లు ఒకదానిపై నొకటి యుంచవలెను. మూలనుండి మూలకు సుద్దతో గీత గీయవలెను. ఆ గీతకు ఇరుప్రక్కల కాలంగుళము దూరమున రెండు కుట్లు వేయవలెను. అటుపిమ్మట గీతవెంట కత్తిరించి విప్పినచో సగము పచ్చ, సగము ఆకాశముగల గళ్లు రెండు వచ్చును. అవి 2½ అంగుళముల కంటె రవంత పెద్దవిగా నుండును. 2½ అంగుళముల యట్టను, దాని ఐమూల కుట్టుపై పడునట్లుంచి, చుట్టును దిద్దవలెను. మూడు జతలకు ఆఱు గళ్లు. మన చెట్టునకు కావలసినవి నాఱే.

అతుకుట

ముక్కల నన్నిటిని ముందు చాపపై బొమ్మవలె పఱచవలెను. సగపు గళ్లలోని పచ్చభాగ మెల్లప్పుడు చెట్టు నడుమవైపునకు తిరిగి యుండవలెను. మొదటి రెండు వరుసలలో నా పచ్చ క్రిందికి, నాలుగవ వరుసలో పైకి చూడవలెను. ఇచ్చట పొరబడినచో చెట్టునకు కొమ్ములు మొలచినట్లుండును. మా తరగతిలో నట్టి కొమ్ముల చెట్లు రెండు పుట్టినవి. విప్పి మరల కుట్టితిమి.

ఒక్కొక్క వరుసను ఎడమనుండి కుడికి అతుకవలెను. కుట్టుమిషను లేనివారు చేతితో చిన్న చిన్న కుట్లు వేసి, రెండంగుళముల కొకమా రొక వెనుక కుట్టు వేసినచో గట్టిగా నిలుచును. ముఖ్యమైన దేమనగా, కుట్టు అంచునుండి సరిగా కాలంగుళముననే యుండవలెను. పదునాఱవ వంతు అంగుళము లోపలికి జరిగినచో ప్రతి కుట్టునకు రెండు ముక్కలనుండి నెనిమిదవ వంతు పోవును. 5 కుట్లకు నది అర యంగుళమునకు పైగా నగును. చిన్న తప్పు చిన్నదిగా నుండదు. వరుసతో కూడ పెరుగును.

మొదటి వరుస కుట్లను వెనుకవైపున ఎడమకు, రెండవ వరుస కుట్లను కుడికి మడిచి యిస్త్రీ చేయవలెను. అపుడు రెండు వరుసలను కలుపునపుడు కుట్లు ఒకదాని కొకటి యానుకొని మూలలు సరిగా కలియును. ఇట్లే మూడవదానిని ఎడమకు, నాలుగవదానిని కుడికి. వరుసలను కలిపిన పిదప మ్రానుపట్టీని నతుకవలెను. అంతయు సరిగా నున్నచో చదరము ప్రక్కకు 12½ అంగుళములుండును. ఆ అర యంగుళము తక్కిన చదరములతో కలిపి కుట్టుటకు.

చెట్టునకు అంచు

ఇక మొదటి చెట్టు. దానిని విప్పి మరల కుట్టిన లాభము లేదు. ముక్కలు చిన్నవే గదా! పందొమ్మిది చెట్లతోనే బొంత ముగింతమని కొందఱనిరి. వేఱొక పచ్చగుడ్డతో నా బాలిక పేర నింకొక చెట్టు కుట్టుదమని కొందఱనిరి. ఆమె యే మాటయు ననలేదు.

శనివారమున నామె యవ్వ చూడవచ్చినది. బల్లపైనున్న రెండు ముక్కలను చేతబట్టి, త్రిప్పి చూచి, జరిగినది విని, "చాలని గుడ్డకు అంచు వేసేది కొత్తా, టీచరమ్మా?" అన్నది. ఆ మాటతో మాకు త్రోవ కనబడినది.

పట్టీకి ఇరుప్రక్కల వెలికి వచ్చిన ముప్పావంగుళములను కత్తిరించి, దానిని తలతో సమము చేసితిమి. రెండును కలిపి కుట్టగా వెడల్పు 9½ అంగుళములు, పొడవు 10 అంగుళములు వచ్చినది. మ్రాను క్రింద అర యంగుళము తీసివేసి చదరము చేసితిమి. చెట్టు కొంచెము పొట్టిదైనది. పుంగనూరు ప్రక్కనుండి వచ్చు నొక బాలిక, "మా యూరి యావు కూడ పొట్టిదే, పాలు మాత్రము చిక్కన" యన్నది. ఆనాడు చీరె తెచ్చిన బాలికయు నవ్వినది.

ఇపుడు ప్రక్కకు 9½ అంగుళములున్న దానిని 12½ చేయవలెను. అంచు 2 అంగుళముల వెడల్పున వేసినచో కుట్టునకు అర పోగా నొక్కొక్క ప్రక్క ఒకటిన్నర చొప్పున పెరుగును. రెండు ప్రక్కల మూడు. 9½, 3 కలిసి 12½. లెక్క సరిపోయినది. 9½ అంగుళముల పొడవు పట్టీలు రెండు, 12½ అంగుళముల పొడవు పట్టీలు రెండు, వెరసి 44 అంగుళముల పట్టీ కావలెను. ఏ గుడ్డ వేయుదమని యాలోచించుచుండగా ఆ బాలిక తన పుస్తకముల మూట తెచ్చి విప్పినది. అది కట్టిన త్రాడు ఎఱ్ఱని చీరె యంచు. ఒకటిన్నర గజము పొడవు. ఆ తల్లి చీరెదే. పచ్చ కాదు గదా యని మొదట దానిని చూపలేదట.

ఆ దినము కత్తెర పట్టుటకు ముందు మేము మూడుమారులు కొలిచితిమి. ఆమెయు కొలిచినది. అవ్వ మాత్రము జానతో నొకమారు కొలిచి చాలునన్నది. చాలినది. మిగిలిన పట్టీతో నామె మరల పుస్తకములు కట్టుకొన్నది.

బొంత ముగించుట

ఇరువది చదరములను వరుసకు 4 చొప్పున 5 వరుసలుగా కలిపితిమి. బొంత 48 అంగుళముల వెడల్పు, 60 అంగుళముల పొడవైనది. దాని క్రింద మెత్తని పాతచీరెలు మూడు పొరలు పఱచి, ముడుతలు లేకుండ లాగి, పెద్ద టాకాలు వేసి కదలకుండ చేసి, నడుమనుండి అంచులకు కుట్టుకొనుచు వచ్చితిమి. అంచునుండి ప్రారంభించినచో నడుమ గుడ్డ బుడ్డలు కట్టును. ప్రతి చెట్టు చుట్టును ఒక వరుస కుట్టు, ఆకాశమున గాలివాలుగా కుట్లు వేసితిమి. తుదకు పొరల యంచులన్నిటిని పట్టీతో మూసితిమి.

వార్షికోత్సవమునాడు దానిని గోడపై వ్రేలాడదీసితిమి. చూడవచ్చిన తల్లిదండ్రులలో పలువురు తిన్నగా నా యెఱ్ఱయంచు చెట్టు దగ్గఱకు పోయి, "దీని కొక్కదానికే యంచు వేయుటలో విశేష మేమి?" యని యడిగిరి. కొందఱకు జరిగినది చెప్పితిమి. కొందఱకు ఆ బాలికయే చెప్పినది. కాలంగుళము మొదలుకొని 44 అంగుళముల వఱకు లెక్క తప్పకుండ చెప్పినది. ఇపు డా బొంత మా బాలికల వసతిగృహములో జ్వరము వచ్చినవారికి కప్పుటకు ఉపయోగపడుచున్నది.

ఈ వ్యాసము చదివి చెట్టు కుట్టదలచినవారికి రెండు మాటలు. మీ చెట్టు మా చింతచెట్టే కానక్కఱలేదు. మ్రానును పొడుగుచేసి తలను చిన్నది చేసినచో నీలగిరిచెట్టగును. పచ్చలో నక్కడక్కడ పసుపుపచ్చ గళ్లు వేసినచో కాచిన మామిడి యగును. మీ పెరటిలోని చెట్టును చూచి గళ్లకాగితముపై గీయుడు. అయితే గీసిన కొలతకే గుడ్డ కత్తిరింపకుడు. చూచువారికి కనబడు గుడ్డ కొంత, కుట్టులోపల దాగు గుడ్డ కొంత. ఆ దాగిన గుడ్డ దండుగ కాదు; బొంతను విడిపోకుండ పట్టియుంచున దదియే. దానికి ముందుగా చోటు విడిచినవారికి చెట్టు నిండుగా వచ్చును. విడువక కత్తిరించినవా రున్నచో వారు నిరాశపడవలదు. ఇంటిలో నేదో యొక మూటకు కట్టిన యంచు దొరకకపోదు.